మూడో చెంచా బియ్యం

పొగమంచుకు ఒక వాసన ఉంటుంది.

తడిసిన ఇనుము వాసన. ఉప్పు వాసన. నీళ్ళు వెనక్కి తీసేసిన బురద మీద నాచు మగ్గుతున్న వాసన.

మా దీవిలో అందరికీ అది తెలుసు. కిటికీ తెరవక ముందే తెలుస్తుంది. పక్క మీద కళ్ళు విప్పక ముందే తెలుస్తుంది — ఈ రోజు సముద్రం కనిపించదని.

వసంతం చివర వస్తుంది ఆ వాసన. పసుపుచేపలు గుంపులుగా ఉత్తరానికి ఈదే కాలంలో. వాటి వెనకాలే మా పడవలు వెళ్ళే కాలంలో.

ఇన్సు పడవ వెళ్ళింది అలాంటి పొద్దుననే...

ఇన్సు నా కొడుకు. ఒక్కడే కొడుకు.

వెళ్ళాడు. రాలేదు.

తుఫాను లేదు. గాలి లేదు. అల కూడా లేదు. ఒక్క చెక్క పైకి తేలలేదు. వల ముక్క ఒక్కటి ఒడ్డుకు కొట్టుకు రాలేదు. పొగమంచు నోరు తెరిచింది, మూసుకుంది. అంతే.

మునిగిందో, గీత దాటిందో — అన్నారు రేవులో.

గీత అంటే సముద్రం మీది గీత. ఇటు మేము, అటు ఉత్తరం వాళ్ళు. నీళ్ళ మీద ఆ గీత ఎవరికీ కనిపించదు. పొగమంచులో అసలే కనిపించదు. తెలియక దాటితే అటునుంచి తుపాకుల పడవలు వస్తాయి, మనుషుల్ని పట్టుకుపోతాయి. దేశాన్ని రెండు ముక్కలు చేసిన యుద్ధం ఆగి మా జుట్టు నెరిసింది. ఆ గీత మాత్రం చెరగలేదు.

పక్క దీవి పడవ ఒకటి అలాగే పోయి, ఏడాది దాటాక తిరిగొచ్చింది. మనుషులు ఎముకలై దిగారు.

కానీ దిగారు.

అందుకని మా ఇంట్లో ఒక వింత ప్రార్థన మొదలైంది.

ప్రభువా, నా కొడుకు బందీగా ఉండాలి.

ప్రభువా, వాడు ఆకలితో ఉన్నా సరే, దెబ్బలు తింటున్నా సరే. ఏదో ఒక గోడ వెనక ఉండాలి. నీళ్ళ కింద వద్దు.

ఏ తండ్రి అడుగుతాడు అలా?

నేను అడిగాను. రోజూ అడిగాను.

*

కొండ మీద మా చర్చి. రాళ్ళు మోసి మేమే కట్టుకున్నాం. గంట కొనే స్తోమత లేక ఒక ఖాళీ ఆక్సిజన్ సిలిండరు వేలాడదీశాం. ఇనప కడ్డీతో కొడితే మోగుతుంది. వినసొంపు మోత కాదు. కానీ పొగమంచులో దారి తప్పిన పడవలు ఆ మోత పట్టుకుని ఇల్లు చేరిన రోజులున్నాయి.

ఇన్సు రాని రోజు పొద్దు వాలేదాకా కొట్టాం. నా చేతులు నొప్పెడితే నా కోడలు సుల్లే అందుకుంది. ఆమె చేతులు బొబ్బలెక్కితే నేను అందుకున్నాను. మోత వెళ్ళింది... తెల్లటి దూదిలోకి వెళ్ళినట్టు వెళ్ళింది. ఏ పడవా దాన్ని పట్టుకుని రాలేదు.

ఇక ఇంట్లో మిగిలింది మేమిద్దరం. బడిలో పాఠాలు చెప్పి చెప్పి ఇంట్లో కూర్చున్న ముసలి మాస్టారిని నేను. పెళ్ళయి రెండు చలికాలాలైనా గడవని పిల్ల ఆమె.

నా భార్య అప్పటికే లేదు. ఆమె ఇది చూడలేదు.

అది చిన్న దయ. అలాంటి చిన్న దయలు ఏరుకోవడం నాకు అలవాటు. ఆటు వేళ ఆడవాళ్ళు బురదలో గుల్లలు ఏరుకున్నట్టు. ఒంగి, వెతికి, ఒక్కొక్కటి.

*

వంటింట్లో బియ్యం జాడీ పక్కన ఒక మేకు. మేకుకు ఒక గుడ్డసంచి. సంచి మీద నా భార్య ఎర్రదారంతో కుట్టిన సిలువ.

పొద్దున్నే బియ్యం కడగక ముందు, ఇంట్లో ఒక్కో ప్రాణానికి ఒక్కో చెంచా చొప్పున ఆ సంచిలో వెయ్యాలి. పేరు అనుకుంటూ వెయ్యాలి. గింజలు జారే ఆ కాస్తసేపు ఆ మనిషి కోసం ప్రార్థించాలి. వారం చివర సంచి చర్చికి వెళ్తుంది. ఆ బియ్యమే పాస్టరుగారి పొయ్యి మీద ఉడుకుతుంది. మిగిలితే, ఇంకా లేనివాళ్ళ పొయ్యి మీద.

మేము బియ్యంలో బార్లీ కలుపుకుని తినేవాళ్ళం. అదీ చాలీచాలకుండా. చెంచాడు తీస్తే గిన్నెలో చెంచాడు తగ్గుతుంది. అయినా ప్రతి ఇంట్లో తీసేవారు.

కానీ బతికున్నవాళ్ళ పేరునే.

పోయినవాళ్ళ పేరున మా సంఘంలో చెంచా వెయ్యరు. వాళ్ళ కోసం ప్రార్థన చెయ్యరు. "వాళ్ళు ప్రభువు బల్ల దగ్గర కూర్చున్నారండీ, మన బార్లీ వాళ్ళకెందుకు" అనేది నా భార్య. నవ్వుతూ అనేది.

ఆమెను పూడ్చిన మర్నాటి పొద్దున సుల్లే వంటింట్లో చెంచా తీసింది. నేను గదిలో, కింద పొయ్యి వేడి పాకే వెచ్చని నేల మీద పడుకుని విన్నాను. కాగితపు తలుపు అవతల, గుడ్డలోకి గింజలు జారే చప్పుడు.

ఒకటి. రెండు. మూడు.

నాలుగోది పడలేదు.

సమాధిలో మట్టి వేసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఆ చప్పుడు ఆగినప్పుడు వచ్చింది.

కాబట్టి ఇన్సు రాని మొదటి పొద్దున కూడా ఆ తలుపు వైపే చెవి పెట్టాను. ప్రభువు మాట కోసం కూడా అంతగా ఎప్పుడూ చెవి పెట్టలేదు.

ఒకటి. రెండు...

మూడు.

పడింది.

నా కోడలు మూడో చెంచా వేసింది.

ఎండాకాలం అంతా వేసింది. ముల్లంగి ఆకులు వాడిపోయే వేళ వేసింది. చలికాలం కిమ్చి పచ్చడికి క్యాబేజీలు ఉప్పులో వేసి, చేతులు మండుతుంటే ఆ చేతులతోనే వేసింది. మంచు పడి బావి గట్టు గడ్డకట్టిన పొద్దున కూడా... ఒకటి, రెండు, మూడు. అది విన్నాకే నేను లేచేవాణ్ణి.

మా పాస్టరుగారు చిన్నవాడు. ప్రభువు కోసం కనిపెట్టుకుని ఉండండి, ఆయన ఆలస్యం చేసినా మరిచిపోడు — అని చెప్పేవాడు. చెబుతూ చెబుతూ నన్ను చూసేవాడు. చూసి గొంతు తగ్గించేవాడు.

ఆ గొంతు తగ్గించడం కూడా దయే.

*

మళ్ళీ పొగమంచు కాలం వచ్చింది. గీత అవతలి నుంచి ఏ పడవా రాలేదు.

ఇన్సుతో ఆ పడవలో వెళ్ళినవాళ్ళలో దోక్సు ఒకడు. వాళ్ళమ్మ చర్చికి రాదు. పాత దేవతల మనిషి. ఏడాది చూసి, పెద్ద దీవి నుంచి పూనకం వచ్చే ఆవిడను పిలిపించింది.

నీళ్ళలో పోయినవాడి ప్రాణాన్ని పైకి తీసే పద్ధతి ఒకటుంది మా వైపు. ఇత్తడి గిన్నెలో బియ్యం పోసి, తెల్లగుడ్డ కప్పి బిగించి, పొడవాటి గుడ్డ కొసకు కట్టి సముద్రంలోకి దించుతారు. పాడతారు. డప్పు కొడతారు. పైకి లాగి మూట విప్పుతారు. బియ్యంలో వెంట్రుక కనిపిస్తే — అతను దొరికినట్టు.

మేము దూరంగా నిలబడ్డాం. సుల్లే నా వెనక.

గిన్నె పైకి వచ్చింది. ఆడవాళ్ళు తలలు దగ్గర పెట్టి ఒంగారు. దోక్సు వాళ్ళమ్మ రెండు వేళ్ళతో ఏదో పైకి ఎత్తింది. మాకు కనిపించలేదు. కనిపించేంత లావు కాదు అది.

"వచ్చాడు" అంది ఆమె. ఏడవలేదు. పక్కనున్నవాళ్ళతో మామూలుగా అంది. "పదండి, ఇంటికి తీసుకెళ్దాం. తడిసి ముద్దయిపోయాడు బిడ్డ."

గిన్నెను ఆ తెల్లగుడ్డలో చుట్టుకుని మా ముందునుంచే నడిచింది. సుల్లేను చూసి ఆగింది.

"నువ్వూ తీయించుకోవే పిల్లా. మీ ప్రభువేం అనుకోడులే. ఎన్నాళ్ళని మొగుణ్ణి నీళ్ళల్లో వదిలేస్తావు?"

"ఆయన నీళ్ళల్లో లేడు పెద్దమ్మా."

"మావాడితో కలిసి వెళ్ళినవాడు మరెక్కడుంటాడే?"

సుల్లే ఉత్తరం వైపు చూసింది.

నేను కాలేజీలో చదువుకున్నవాణ్ణి. అంతమంది ఆడవాళ్ళు తలలు వంచి చూసే గిన్నెలో ఒక వెంట్రుక రాలడం వింతేమీ కాదని నాకు తెలుసు. సంఘపెద్దను కూడా. అలాంటివి నమ్మకూడదని చెప్పాల్సినవాణ్ణి.

తెలుసు. చెప్పగలను.

కానీ నా గొంతుకు తెలియలేదు.

మర్నాడు ఉదయ ప్రార్థనకు వెళ్ళాం. తెల్లవారకముందే సిలిండరు మోగింది. ఆడవాళ్ళు అటు, మగవాళ్ళు ఇటు, నేల మీద చాపలు. ముందు అందరం కలిసి "ప్రభువా" అని మూడుసార్లు కేక వేస్తాం. తరువాత ఎవరి బాధ వాళ్ళది, పైకే, ఒకరి గొంతు మీద ఒకరి గొంతు పడుతూ. ఏడాదిగా నేను అరిచింది ఒకటే పేరు. ఇన్సు. పాకలో ఎడ్లు కూడా ఆ కేకకు లేస్తాయని నవ్వేవారు.

ఆ రోజు నోరు తెరిచాను.

గాలి వచ్చింది. పేరు రాలేదు.

చేతులు నేలకు ఆనించి కూర్చుండిపోయాను. చుట్టూ అందరి ఏడుపులూ సముద్రంలా లేచి పడుతున్నాయి. మధ్యలో నేను... నీళ్ళు వెళ్ళిపోయిన తీరంలా.

ఇంటికి వచ్చి పడుకున్నాను. వంటింట్లో సుల్లే జాడీ మూత తీసింది.

ఒకటి. రెండు.

చెవి పెట్టాను.

జాడీ మీద మూత పడిన చప్పుడు.

*

ఆమెను ఎలా తప్పుపడతాను?

పాతికేళ్ళు రాని పిల్ల. మూడు వందల పొద్దుల పైన మోసింది. చేతులు జారాయి. ఇక ఆమె వినేలా ఆ పేరు అరిచి ఆమె గుండెను కెలకడం ఎందుకు? చర్చిలో ఆ పేరు మింగేశాను. రోజూ మింగాను. నా ప్రార్థన నోట్లోంచి లోపలికి నడిచింది.

కానీ సంచిలో కొడుకు వాటా లేకపోవడం...

ఆటు వేళకు సుల్లే తట్ట తీసుకుని బురదలోకి వెళ్ళేది. ఆమె తలగుడ్డ గట్టు దాటి కనిపించకుండా పోయేదాకా చూసి, గదికంటే పల్లంగా ఉండే వంటింట్లోకి నేను దిగేవాణ్ణి.

మా దీవిలో మగవాడు వంటింట్లో కాలు పెట్టడు. పెడితే మగతనం రాలిపోతుందని చిన్నప్పటి నుంచీ వింటాం. అరవై దాటినవాణ్ణి, బడిలో మూడు తరాలను కూర్చోబెట్టినవాణ్ణి, నా ఇంట్లోనే దొంగలా దిగాను. మొదటిరోజు ద్వారబంధానికి తల కొట్టుకుంది. నల్లగా పొగబారిన గోడలు. పొయ్యిలో ఇంకా వెచ్చదనం. ఇన్నేళ్ళు నాకు అన్నం పెట్టిన ఈ గదిని నేను ఎప్పుడూ నిలబడి చూడలేదు.

చెంచా ముంచాను. సంచి మూతి తెరిచాను.

ఇన్సు.

గింజలు జారాయి. ఆ చప్పుడు ఎంత చిన్నదో... ఎంత నిండుగా ఉందో.

*

సుల్లే అన్నయ్య మొక్పో నుంచి వచ్చాడు. పడవ ప్రయాణం పడక ముఖం పాలిపోయి ఉంది. చంకలో చక్కెర పొట్లం. ఆ రేవు పట్నంలో వలల దుకాణం ఉంది అతనికి.

సుల్లే పళ్ళేలు సర్దడానికి తలుపు అవతలికి వెళ్ళాక, అతను మోకాళ్ళ మీద ముందుకు జరిగి గొంతు తగ్గించాడు.

"మాస్టారూ, మీరు చదువుకున్నవారు. మీకు నేను చెప్పాలా? ఏడాది దాటింది. దానికి పిల్లాజెల్లా లేరు. మా చర్చిలో ఒకాయన ఉన్నాడు. భార్య పోయింది. తాగడు, అరవడు. దీని సంగతి తెలిసే అడిగాడు."

"ఆమెను అడిగావా?"

"అడిగితే ఏమంటుంది? 'మావయ్యగారు ఎదురుచూస్తున్నారు కదా అన్నయ్యా' అంటుంది. మీరు వస్తాడంటే అది ఇక్కడినుంచి కదలదు మాస్టారూ. మీరు లేడు అనాలి. మీ నోటితో అనాలి."

తలుపు అవతల పళ్ళేల చప్పుడు ఆగింది.

యుద్ధంలో పోయిన మొగుడి కోసం ఇప్పటికీ రేవులో కూర్చునే ముసలావిడ ఒకామె ఉంది మా దీవిలో. ప్రతి పడవకూ లేస్తుంది. మళ్ళీ కూర్చుంటుంది. ఆమె కూర్చునే రాయి నున్నగా అరిగింది.

"లేడు" అన్నాను.

రెండే అక్షరాలు. పళ్ళు ఊడినట్టు ఊడి పడ్డాయి.

కాసేపటికి తలుపు జరిగింది. సుల్లే తల వంచుకుని నిలబడింది. "మావయ్యగారే అలా అన్నారంటే... సరే అన్నయ్యా. మంగళవారం పడవకి వస్తాను."

మర్నాడు ఆమె బురదలోకి వెళ్ళాక నేను మళ్ళీ వంటింట్లోకి దిగాను. లేడు అన్న నోటితోనే పేరు అనుకున్నాను. చెంచా ముంచాను.

*

శనివారం హాంగ్ అక్క సంచుల కోసం వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి చర్చి బియ్యం పోగుచేసేది ఆమే. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. సంచి చేతిలో పట్టుకుని ఊపి చూసింది.

"పెద్దగారూ, మీ సంచికి కడుపొచ్చిందేంటి?"

"అదేం మాట హాంగ్ అక్కా."

"మరి చూడండి. రెండు నోళ్ళ ఇల్లు, నాలుగు నోళ్ళ బరువు. ఈ మధ్య వారం వారం ఇంతే. అటక మీద ఎవర్నన్నా దాచారా?"

"బార్లీ ఎక్కువ పడిందేమో."

"బార్లీయా? ఇందులో సగం తెల్లటి బియ్యం. గింజ గింజ ఏరి వేసినట్టుంది. పాస్టరమ్మ పిల్లలు మీ ఇంటి సంచి ఉడికే రోజు కోసం చూస్తారు తెలుసా? ఆ చిన్నది గిన్నె నాకుతుంది."

నవ్వుకుంటూ వెళ్ళింది.

ఇన్సు పేరున వేసిన బియ్యం ఎవరో తిన్నారు. గిన్నె నాకి మరీ తిన్నారు. ఆ మాట లోపల పెట్టుకుని కాసేపు గుమ్మంలో కూర్చున్నాను.

కానీ బరువు నాకు అర్థం కాలేదు. నేను బియ్యం ఏరలేదు. ఏరడానికి నా కళ్ళు ఆనవు.

*

సోమవారం. మర్నాడే పడవ.

సుల్లే చివరిసారిగా బురదలోకి వెళ్ళింది. నేను వంటింట్లోకి దిగాను. చెంచా జాడీలో ముంచాను, పైకి తీశాను.

వాన మొదలైంది. నేను వినలేదు. ముసలి చెవులు, ఒకే చప్పుడు కోసం అలవాటు పడ్డ చెవులు.

"మావయ్యగారూ?"

తలుపులో సుల్లే. మోకాళ్ళదాకా బురద. తలగుడ్డ నుంచి నీళ్ళు.

"ఆకలేసిందా?"

"లేదమ్మా."

"మరి..."

చేతిలో చెంచా. చెంచా నిండా బియ్యం. మూతి తెరిచిన సంచి. దాచుకోవడానికి ఆ వంటింట్లో చోటు లేదు.

ఆమె చెంచా వైపు చూసింది. సంచి వైపు చూసింది. బురద చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. ఏడాది తరువాత నా కోడలి నవ్వు.

"ఆయనకి నేను వేసేశాను మావయ్యగారూ. పొద్దున్నే వేసేశాను."

"నాకు వినపడలేదే?"

"వినపడకూడదనే. చెంచాతో కాదు... గుప్పిట్లో పట్టుకుని, చెయ్యి సంచి అడుగుదాకా పెట్టి వదులుతాను. ఆ రోజు చర్చిలో మీ నోట ఆయన పేరు రాలేదు. తరువాత ఇక రానే లేదు. మీరు ఆశ వదిలేసుకున్నారనుకున్నాను. ఆ చప్పుడు మీకెందుకు వినిపించాలి, బాధ కదా అని."

నేను ఆమె చెంచా కోసం చెవి పెట్టాను. ఆమె నా గొంతు కోసం చెవి పెట్టింది. ఒకరి నిశ్శబ్దం ఇంకొకరికి సమాధిలా వినిపించింది.

"అయితే ఇన్నాళ్ళూ వాడికి రెండు వాటాలా?" అన్నాను.

"ఎక్కడున్నాడో గానీ, బాగా తింటున్నాడు" అంది. "ఎప్పుడూ నా గిన్నెలోది కూడా లాక్కునేవాడు."

ఇద్దరం నవ్వాం. వాన చూరు మీద పడుతోంది. ఆ కాస్తసేపు, నిజం చెబుతున్నాను, ఇన్సు ఆ వంటింట్లో ఉన్నాడు. బందీగా కాదు. తడిగా కాదు. గిన్నె పట్టుకుని మూడో చోట కూర్చున్నాడు.

అప్పుడు సుల్లే తలగుడ్డ విప్పి పిండింది. ముఖం వెలిగిపోతోంది.

"నేను వెళ్ళను మావయ్యగారూ. అన్నయ్యకి కబురు పెడతాను. మీరు చూస్తున్నారుగా. ఇద్దరం చూద్దాం. ఎన్నాళ్ళైనా చూద్దాం."

ఎన్నాళ్ళైనా.

ఆమె చేతులు చూశాను. ఉప్పుకు చీలిన వేళ్ళు. గోళ్ళలో బురద. ఇంకా కుర్రతనం పోని మణికట్లు. ఆ చేతులు ముడతలు పడటం చూశాను. రేవులో ఒక రాయి నున్నగా అరగడం చూశాను. రాయి పక్కన ఇంకో రాయి.

నేను ముసలివాణ్ణి. నా ఎదురుచూపు ఎంతోకాలం ఉండదు. ఆమెది ఉంటుంది.

ప్రభువు కోసం కనిపెట్టుకోవడం అంటే ఏమిటో నలభై ఏళ్ళుగా చర్చి పిల్లలకు చెప్పాను. ఒక మనిషి కనిపెట్టుకోవడంలో ఇంకో మనిషి బతుకు ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చో ఎవరూ నాకు చెప్పలేదు.

చెంచా ఇంకా నా చేతిలోనే ఉంది.

వంచాను.

సంచిలోకి కాదు. జాడీలోకి.

బియ్యం బియ్యం మీద పడింది. గుడ్డ మీద పడే మెత్తటి చప్పుడు కాదు అది. వడగళ్ళలా పడింది.

"చేతి అలవాటమ్మా" అన్నాను. "ముసలివాడి చెయ్యి. చెప్పినా వినదు. నమ్మకం ఉండి కాదు. వాడు లేడు."

ఆమె ముఖంలో వెలుగు వెంటనే పోలేదు. ఎక్కడికి పోవాలో తెలియనట్టు కాసేపు అక్కడే తచ్చాడింది.

"నిజంగానా మావయ్యగారూ?"

"నిజంగా."

"ప్రభువు మీద ఒట్టేసి చెప్పండి."

"ఒట్టు వెయ్యకూడదమ్మా మనం."

ఆ మాట సమయానికి దొరికింది. అదొక్కటే ఆ రోజు నేను ఏరుకున్న గుల్ల.

సుల్లే నా చేతిలోంచి చెంచా తీసుకుంది. కడిగింది. మేకు పక్కన తగిలించింది. నమ్మిందో, నమ్మిందని నన్ను అనుకోనిచ్చిందో.

పైన ప్రభువు విన్నాడు. విని ఏమీ అనలేదు. ఏడాదిగా ఏమీ అననివాడు. నా అబద్ధాన్ని కూడా ప్రార్థనల్లో కలిపి ఎక్కడో పెట్టుకుని ఉంటాడు.

*

మంగళవారం పడవ ఆలస్యంగా వచ్చింది. పొగమంచు.

రేవులో నిలబడ్డాం. ఆమె చేతిలో ఒక మూట. కొత్త చెప్పులు వేసుకోలేదు, తడుస్తాయని మూటలో పెట్టుకుంది. రాయి మీది ముసలావిడ పడవ మోత విని లేచింది. ఎవరూ దిగలేదు. కూర్చుంది.

"సోయా ఊరే జాడీల మూతలు ఎండ ఉన్న రోజే తీయండి" అంది సుల్లే. "వాన రాకముందే మూసెయ్యండి. అన్నంలో నీళ్ళు, బియ్యం మీద చెయ్యి ఆనిస్తే మణికట్టు దాకా. మీకు తెలీదు కదా."

"నేర్చుకుంటాలే."

"పొయ్యి ముట్టించేటప్పుడు తల. ద్వారబంధం."

"అది నేర్చుకున్నాను."

కొంచెం నవ్వింది. పడవ కుర్రాళ్ళు తాడు విప్పుతున్నారు. ఆమె బల్ల మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగింది.

"మావయ్యగారూ. రేపు పొద్దున్న ఎన్ని వేస్తారు?"

పొగమంచు మా ఇద్దరి మధ్య నుంచి నడిచి వెళ్తోంది.

"రెండు" అన్నాను. "నీకొకటి. నాకొకటి."

తలాడించింది. చాలాసేపు తలాడించింది.

"నేనూ అంతే. అక్కడ రెండే వేస్తాను. మీకొకటి. నాకొకటి."

"మంచిదమ్మా."

"మంచిది మావయ్యగారూ."

ఆమె నా ముఖం చూసింది. నేను ఆమె ముఖం చూశాను. ఒకరి నిశ్శబ్దాన్ని ఒకరం తప్పుగా విన్నవాళ్ళం. ఇప్పుడు ఒకరి మాటను ఒకరం ఎలా వినాలో మాకు తెలియలేదు.

పడవ కదిలింది. ముందు పడవ మీది జెండా కనిపించకుండా పోయింది. తరువాత మూట. తరువాత ఆమె తలగుడ్డ. మోత మాత్రం కాసేపు ఉంది... అదీ దూదిలోకి వెళ్ళింది.

*

పొద్దున లేచాను. ఉదయ ప్రార్థనకు వెళ్ళి వచ్చాను. ఎవరికీ వినపడకుండా కూర్చుని వచ్చాను.

ఇంట్లో వినడానికి ఏ చప్పుడూ లేదు. చెవి పెట్టడానికి తలుపు ఉంది, తలుపు అవతల ఎవరూ లేరు.

తల వంచి వంటింట్లోకి దిగాను. జాడీ మూత తీశాను.

సుల్లే. ఎక్కడ ఉన్నా చల్లగా ఉండాలి.

ఒకటి.

నేను. నేనింకా ఉన్నాను ప్రభువా, ఎందుకో నాకు తెలియదు.

రెండు.

చెంచా మళ్ళీ జాడీలోకి దిగి ఉంది. చెయ్యి దాని మీద ఉంది. పైకి తీయాలి, లేదా వదలాలి. మొక్పోలో ఏదో వంటింట్లో ఇదే వేళకు ఇంకో చెయ్యి ఏం చేస్తోందో...

కిటికీ వైపు చూడలేదు. చూడక్కర్లేదు.

తడిసిన ఇనుము వాసన. ఉప్పు వాసన.

ఈ రోజు కూడా సముద్రం కనిపించదు.